ఊరు ఎప్పుడూ ఈడనే ఉండాది

పిల్లలకు పటం చదవడం నేర్పించి, ఆ పనిచేసినందుకే ఇప్పుడు పింఛను తీసుకుంటున్న మనిషిని నేను. ఉత్తరం పైన, దక్షిణం కింద, కుడిచేతి పక్క తూర్పు అని బోర్డు మీద గీసి గీసి ఎన్ని సుద్దముక్కలు అరగదీశానో లెక్కలేదు. అలాంటిదాన్ని, పోయినేడు ఎండాకాలం మా అత్త పుట్టినూళ్లో పటం చేతిలో పట్టుకుని, నేను ఎక్కడ నిలబడ్డానో నాకే తెలియక దిక్కులు చూశాను. ఊళ్లో ఆడవాళ్లు కొళాయి దగ్గర నిలబడి నన్ను చూసి నవ్వుకున్నారు. వాళ్లను అనడానికేముంది, నన్ను చూస్తే నాకే నవ్వొచ్చేటట్టుంది.

ఇదంతా మా అత్త పంతం వల్ల వచ్చింది. ఆమెకు ఎనభై దగ్గర పడుతున్నాయి. బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి, ఈ రెంటికీ మించి మొండితనం ఉంది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, కనీసం చెప్పులైనా విప్పకుండా నా ఎదురుగా కూర్చుంది.

"మే, నేను పోతే నన్ను ఈ బద్వేల్లో పెట్టొద్దండి" అంది.

"ఇప్పుడెక్కడికి పోతావులే అత్తా" అన్నాను, చేట పక్కకు పెట్టి.

"ఎప్పుడో ఒగప్పుడు పోతా గదా. ఈడ సమాధుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఎవురి పక్కన ఎవురుండారో తెలీదు. నన్ను తీస్కపోయి మాయమ్మ పక్కన పెట్టండి."

పెట్టడానికి మాకేం అడ్డంకి లేదు. చిక్కల్లా ఆ అమ్మ సమాధి ఎక్కడుందో అత్తకే తెలియదు. ఆమెకు ఆరేళ్లప్పుడు ఊళ్లో వాంతిబేదులు వచ్చి తల్లి పోయింది. అది జరిగిన కొద్దిరోజులకే తండ్రి ఆ పిల్లను తీసుకొచ్చి బద్వేలు దగ్గర క్రైస్తవ మిషనరీల హాస్టల్లో వేశాడు. తర్వాత సెలవులకు ఊరికి పోయినా, తల్లి సమాధి దగ్గరికి ఎవరూ తీసుకుపోలేదు. ఇన్నేళ్లూ పెళ్లి, పిల్లలు, పనులు అని గడిచిపోయింది. ఇప్పుడీ తొందర ఎందుకంటే, ఆ ఊరి చుట్టుపక్కల బీడు భూములన్నీ సోలారు కంపెనీ తీసుకుందని, మిషన్లు పెట్టి అంతా చదును చేస్తున్నారని చర్చిలో ఎవరో చెప్పారట. చదును చేశాక ఇక సమాధి ఏది, గట్టు ఏది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు.

మా ఆయన అత్తాకోడళ్ల మధ్యకు రావడం మానేసి చాలా కాలమైంది. "నీకు పటాలు తెలుసు గదా, నువ్వే చూడు" అని తప్పుకున్నాడు.

నాతో పాటు పనిచేసిన ఒక టీచరుకు పాత పటాల పిచ్చి. తెల్లదొరల కాలంలో సర్వే చేసి గీసిన పటాలు ఇప్పుడు ఇంటర్నెట్లో దొరుకుతాయట. ఆయన మా అత్త ఊరున్న ముక్క వెతికి పంపించాడు. దాన్ని జిరాక్సు షాపులో పెద్దది చేయించి, నాలుగు కాగితాలు టేపుతో అతికించాను. చక్కటి పటం. గుట్ట ఉంది, వాన పడినప్పుడు మాత్రం పారే ఇసక వంక ఉంది, బండిబాట చుక్కల గీతలాగా ఉంది. వంక పక్కనే ఊరి పేరు, ఇళ్లకు గుర్తుగా చిన్న చిన్న గళ్లు, వాటికి కొంచెం ఎడంగా ఒక శిలువ గుర్తు. శిలువ అంటే చర్చి. చర్చి దొరికితే సమాధులు దాని వెనకే ఉంటాయి. ఒక పూట పని అనుకున్నాను.

మా అత్త ఆ పటాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "నాకు బాగా గ్యాపకం. చర్చిలో నుంచి అమ్మను మోసుకపోయినారు. నేను మా నాయన చెయ్యి పట్టుకోని ఎనకాల్నే నడిచినా. వంక దాటలేదు. ఇసకలో కాలు పెట్టలేదు" అంది. ఆ మాట ఆమె ఆ నెలంతా ఎన్నిసార్లు చెప్పిందో. వంక దాటలేదు, వంక దాటలేదు.

ఆటో మాట్లాడుకుని పోయాం. ఊరి నడిమధ్య బొడ్రాయి ఉంది, పసుపు కుంకుమ పూసి, చుట్టూ సిమెంటు గద్దె కట్టి. ఊరు పుట్టినప్పుడు నాటే రాయి కదా, ఊరు ఎంత పెరిగినా అది కదలదు. అందుకని నేను తెలివిగా, పటంలో ఇళ్ల గళ్లకు నడిమధ్య చుక్క పెట్టి, అదే ఈ బొడ్రాయి అనుకుని, అక్కడి నుంచి చర్చి దిక్కుగా నడవడం మొదలుపెట్టాను. పటం ప్రకారం చర్చి ఊరికి పడమర. పడమటికి నడిస్తే బోరు షెడ్డు వచ్చింది. కొంచెం ఎడమకు జరిగితే శనగచేను వచ్చింది, కోతయిపోయి మోళ్లు మాత్రం మిగిలి ఉంది. ఆ చేను దాటితే వంక. పటంలో వంక ఊరికి తూర్పున ఉంది. ఇక్కడేమో వంక ఊరికి పడమర ఉంది.

కాగితం తలకిందులుగా పట్టుకున్నానేమోనని తిప్పాను. గుట్ట వెనక్కి పోయింది. మళ్లీ తిప్పాను. గుట్ట సరిపోయింది, ఊరు తప్పిపోయింది. ఎండ మాడు మీద కొడుతోంది. ఫోను తీసి అందులో పటం చూశాను. ఫోను కూడా వంక పడమర ఉందనే చెప్పింది. నాకు తల తిరిగింది.

"నీ పటం తప్పు" అంది అత్త.

"పటం ఎట్లా తప్పవుతుంది అత్తా, గుట్ట సరిగ్గానే ఉంది కదా."

"అయితే గుట్టకాడికే పోయి సమాధి ఎతుకుదాం పా" అంది. నాకు ఒళ్లు మండింది కానీ ఏమంటాం.

ఊళ్లో అందరికంటే పెద్దవాడు ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు ఊరి పెత్తనం వాళ్లింట్లోనే ఉండేదట. అత్తకంటే నాలుగైదేళ్లు పెద్ద. అరుగు మీద మంచంలో కూర్చుని ఉన్నాడు. అత్తను గుర్తుపట్టి, మంచినీళ్లు ఇప్పించాడు. నేను పటం చూపించి, "పెద్దాయనా, ఈ ఊరు ముందు వంకకు అవతల పక్క ఉండేదా?" అని అడిగాను.

ఆయన పటం వైపు చూడనేలేదు. "లేదమ్మా. ఊరు ఎప్పుడూ ఈడనే ఉండాది" అన్నాడు.

కొళాయి దగ్గర ముసలమ్మను అడిగాను. "ఊరు ఎప్పుడూ ఈడనే ఉండాది" అంది. గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయనను అడిగాను. అదే మాట. ముగ్గురూ ఒకే మాటను ఒకే తీరుగా, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా ఇంటికొచ్చి నాకు నేనే ఒక సిద్ధాంతం చేసుకున్నాను. వంకలు దారి మార్చుకుంటాయి కదా, ఎప్పుడో పెద్ద వాన వచ్చి వంక ఊరికి అటుపక్క నుంచి ఇటుపక్కకు జరిగి ఉంటుందని. మా టీచరుకు ఫోను చేసి చెబితే ఆయన మెచ్చుకున్నాడు. ఇద్దరం చదువుకున్నవాళ్లం కదా, అర్థం కాని దానికి ఒక పేరు పెట్టుకుంటే నిద్రపడుతుంది.

కానీ వంక జరిగితే గుట్ట కింద ఉన్న మలుపు కూడా జరగాలి. అది పటంలో ఎక్కడుందో అక్కడే ఉంది. రెండ్రోజులు ఆ కాగితాన్ని భోజనాల బల్ల మీద పరిచి పెట్టాను. కూర గిన్నె కింద నలిగింది, మా ఆయన చారు పోశాడు. ఎన్నిసార్లు చూసినా వంక కదల్లేదు. కదలనిది వంక అయితే, కదిలింది ఇంకేదో కావాలి. ఊరు కదులుతుందా? బొడ్రాయి ఉండగా ఊరెలా కదులుతుంది? నాకు తలా తోకా తెలియలేదు.

రెండోసారి పోయినప్పుడు ఊళ్లోకి పోకుండా నేరుగా వంక దాటుదామన్నాను. అత్త గొణిగింది. "నేను చెప్పింది నీకు చెవికెక్కదా? వంక దాటలేదంటాండా గదా." అయినా వచ్చింది. ఇసకలో చెప్పులు కూరుకుపోతుంటే నా భుజం పట్టుకుని, దారిపొడుగునా నన్నూ నా పటాన్నీ తిట్టుకుంటూనే నడిచింది.

అవతలి గట్టు ఎక్కితే అంతా కంపచెట్లు. నేల బూడిద రంగులో, మెత్తగా ఉంది. అడుగు వేస్తే కాలి కింద పెంకులు. కుండపెంకులు, గాజు ముక్కలు, ఒకచోట విరిగిన తిరగలి రాయి. పటం తీశాను. గుట్ట, మలుపు, బండిబాట, అన్నీ సరిపోయాయి. జీవితంలో మొదటిసారి పటమూ నేలా ఒకటైన చోట నిలబడ్డాను. సంతోషించాలో భయపడాలో అర్థం కాలేదు.

శిలువ గుర్తు ఉన్నచోట నాపబండలు పరిచిన నేల బయటపడింది. గోడలు లేవు. రెండు మెట్లు మాత్రం మిగిలాయి. వాటి వెనక, కంపలు పక్కకు తోస్తే, పాతిన రాళ్లు కనిపించాయి. కొన్ని సమాధులు ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. అవి ఊళ్లో హిందువులవి. వాటికి కొంచెం దూరంగా, చర్చి మెట్లకు దగ్గరగా, మరో వరస తూర్పు పడమరలుగా ఉంది. మావాళ్లు తల పడమటికి, కాళ్లు తూర్పుకు పెట్టి పూడుస్తారు. ప్రభువు వచ్చేరోజు లేచి కూర్చుంటే ముఖం పొద్దుపొడుపుకు ఉండాలని. రెండు రకాలూ పక్కపక్కనే ఉండడం నేను ఎక్కడా చూడలేదు. చావులు తొందర తొందరగా వచ్చినట్టున్నాయి, ఎడం పాటించడానికి తీరిక లేనట్టుంది.

అత్త మెట్టు మీద కూర్చుంది. ఆ మెట్టును చేత్తో తడిమింది.

"ఈ మెట్టే" అంది. "ఈడ్నించి ఆడికి. వంక దాటలేదు. నేను చెప్పింది నిజమే గదా మే."

నిజమే. చర్చి, ఊరు, సమాధులు అన్నీ ఇటుపక్కే ఉంటే ఆమె వంక ఎందుకు దాటుతుంది? ఆమె జ్ఞాపకమూ ఒప్పే, పటమూ ఒప్పే. తప్పిందల్లా ఊరు.

"మరి సెలవులకు వచ్చినప్పుడు నీకు తెలియలేదా అత్తా, ఊరు మారిందని?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మారినట్టే ఉండె. ఇల్లు అది కాదనిపిచ్చె. బాయి యాడుండాదో తెలీకపాయె. నాయన్ని అడిగితే, ఊరు ఎప్పుడూ ఈడనే ఉండాది పాపా అన్యాడు. నిజమేననుకుంటి. అమ్మ లేని ఇల్లు గదా, మారినట్టే ఉంటాదిలే అనుకుంటి."

నాకు ఏడుపొచ్చింది. ఆరేళ్ల పిల్ల ఊరు మొత్తం మారిపోయినా, తల్లి లేక అలా ఉందని సర్దుకుంది. ఇన్నేళ్లు సర్దుకునే ఉంది.

ఆ వరసలో తల్లిది ఏ సమాధో మాత్రం తెలియలేదు. రాళ్ల మీద పేర్లు లేవు. "ఏదైనా పర్వాలేదు. ఈ వరసలో పెట్టండి చాలు" అంది అత్త.

సోలారు సైటు చూసుకునే ఆయన దగ్గరికి పోయాం. నెల్లూరు వైపు మనిషి, నడివయసు, మర్యాదగా మాట్లాడాడు. మా ప్లానులో ఇక్కడ ఊరూ లేదు, శ్మశానమూ లేదు, సర్కారు బంజరు అని ఉందన్నాడు. నా పటం చూసి, "ఇది చాలా పాతదమ్మా. దీన్ని చూపించి నేను పని ఆపలేను. ఈ పెద్దామె చిన్నప్పుడే ఊరొదిలి పోయింది కదా. ఇప్పటికీ ఊళ్లో ఉంటున్నవాళ్లు, కళ్లారా చూసినవాళ్లు ఒక్కరు వచ్చి, ఇక్కడ మావాళ్లు ఉన్నారని చెబితే ఆపుతాను. సోమవారం మిషన్ ఇటు వస్తుంది" అన్నాడు.

మిగతా ముసలివాళ్లు తర్వాత పుట్టినవాళ్లో, కోడళ్లుగా వచ్చినవాళ్లో. కళ్లారా చూసినవాడు ఊళ్లో మిగిలింది ఆ పెద్దాయనే. వాళ్లింటికి పోయేసరికి ఆయన లోపల మంచంలో ఉన్నాడు. ఆయన భార్య అరుగు మీద శనక్కాయలు వలుస్తోంది. నేను సంగతంతా చెప్పి, ఈయన ఎందుకు అబద్ధం చెబుతున్నాడో నాకు అర్థం కావడం లేదని మొహాన్నే అనేశాను.

ఆమె కోపగించుకోలేదు. "నువ్వూ కోడలివే, నేనూ ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్నే. ఆ పొద్దు నేను ఈడ లేను. ఒట్టు నాకు లేదు గాబట్టి చెప్తాండా" అంది.

వాంతిబేదులు వచ్చి ఇంటికొకరు పోతుంటే ఊరు లేపుకుని వంక ఇటుపక్కకు వచ్చేశారట. బొడ్రాయిని కూడా తవ్వి బండి మీద వేసుకొచ్చి ఇక్కడ నాటారట. నాటినరోజు ప్రతి ఒక్కరి చేతా, పిల్లల చేత కూడా, ఒక మాట అనిపించారట: ఊరు ఎప్పుడూ ఈడనే ఉండాది. పాత ఊరి పేరెత్తితే, వీళ్లు అక్కడి నుంచే వచ్చారని వాంతిబేదుల అమ్మవారికి తెలిసిపోతుంది, వెంట వస్తుంది. ఎత్తినవాడి ఇంటికే మొదట వస్తుంది.

"కిరస్తానం వాళ్లు కూడా అన్నారా?" అని అడిగాను.

ఆమె మా అత్త వైపు చూసింది. "మీ నాయన దూరంగా నిలబడి అన్యాడంట. మీ దేవుడు వేరే గదా, నీకెందుకప్పా అని మా మామ అడిగితే, ఒగ బిడ్డ మిగిలింది సామీ, ఏ దేవతకీ ఆశ పుట్టియ్యను అన్యాడంట."

అత్త చేతిలో మంచినీళ్ల చెంబు ఉంది. తాగలేదు, కింద పెట్టలేదు.

తర్వాత గడప దగ్గరికి పోయి లోపలికి చూస్తూ, "రెడ్డీ, సోమారం వచ్చి ఒగ మాట చెప్పు. మాయమ్మ ఆడ ఉండాది" అంది.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "నేను చెప్పేదేం లేదమ్మా. ఊరు ఎప్పుడూ ఈడనే ఉండాది" అన్నాడు. ఆయన ఇంట్లో కొడుకులు, మనవళ్లు ఉన్నారు. అమ్మవారిని ఎవరి మీదికి రానిస్తాడు? అది నాకు ఇప్పుడు తోస్తుంది. అప్పుడు మాత్రం ఆటోలో కూర్చుని ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఈ కాలంలో కూడా ఇదేం పిచ్చి అన్నాను. అత్త నా మాటకు అడ్డొచ్చింది.

"తిట్టబాక. మా నాయన కూడా అదే మాట అన్యాడు" అంది.

సోమవారం పొద్దున్నే పోయాం. మిషన్ అప్పటికే కంపలు పెళ్లగిస్తోంది. అత్త గొడుగు వేసుకుని చర్చి మెట్టు మీద కూర్చుంది, తనని కూడా చదును చేసుకోమన్నట్టు. నేను సైటాయనకు మళ్లీ పటం చూపించాను, సమాధుల దిక్కులు చూపించాను, గొంతు పెంచాను, చివరికి బతిమాలాను. ఆయన పాపం ఫోను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను చేస్తున్నది సరైనదో కాదో కూడా నాకు తెలియని స్థితికి వచ్చాను. ఒక సమాధి కోసం ఊరి భయాన్ని తవ్వుతున్నానా అనిపించింది.

అప్పుడు వంక అవతల బండి ఆగింది. కొడుకు నడుపుకొచ్చిన ఆ బండి వెనక నుంచి పెద్దాయన దిగాడు. గట్టు మీద కాసేపు నిలబడ్డాడు. కొడుకు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, చెప్పులు విప్పి అక్కడే వదిలేసి, ఒక్కడే ఇసకలోకి దిగాడు. కాలుతున్న ఇసక అది. మెల్లగా నడిచి ఇటు గట్టు ఎక్కాడు.

సైటాయన ఎదురుపోయాడు. "పెద్దాయనా, ఇక్కడ ముందు ఊరుండేదా?"

"లేదప్పా" అన్నాడు ఆయన. "ఊరు ఎప్పుడూ ఆడనే ఉండాది."

ఇంత దూరం వచ్చింది ఈ మాట చెప్పడానికా అనుకున్నాను. ఆయన నన్ను దాటుకుని, మా అత్తను దాటుకుని, ఉత్తర దక్షిణాలుగా ఉన్న రాళ్ల దగ్గరికి పోయాడు. వెతకలేదు, ఎవరినీ అడగలేదు. నేరుగా ఒక సమాధి దగ్గరికి పోయి, దాని తలాపున కూర్చుని, రాతి మీది ఎండుటాకులు తుడిచాడు.

"మా జేజి మాత్రం ఈడ ఉండాది" అన్నాడు.

సైటాయన చెయ్యెత్తి మిషన్‌ను ఆపమన్నాడు. చప్పుడు ఆగిపోయింది. పెద్దాయన లేవలేదు. ఆ రాయి మీద చెయ్యి పెట్టుకుని ఎండలో అట్లాగే కూర్చుండిపోయాడు. ఇంటికి పోయాక ఏం జరుగుతుందోనని భయపడుతున్నాడో, ఇన్నేళ్లకు వచ్చానని ఆ నాయనమ్మకు చెప్పుకుంటున్నాడో, ఆయన ముఖం చూసి నేనేమీ తెలుసుకోలేకపోయాను. మా అత్త మోకాళ్లు పట్టుకుని మెట్టు మీద నుంచి లేచింది. మెల్లగా నడిచి పోయి, తన గొడుగు ఆయన తల మీద పట్టుకుని నిలబడింది.